డ్రోన్ పడితే సరే, మందు పడితే?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. మా పొదుపు సంఘానికి మందు కొట్టే డ్రోన్ వచ్చింది. 15 రోజుల ట్రైనింగ్ నేనే తీసుకున్నాను, సర్టిఫికెట్ నా పేరు మీదే ఉంది. ఎకరానికి 400 రూపాయలు తీసుకుని కొడుతున్నాం. మొదటి ఏడాది ఇన్సూరెన్స్ డ్రోన్‌తోనే వచ్చింది, వచ్చే నెలాఖరుకి అయిపోతుంది. పోయిన నెల ఒకాయన వరికి పురుగుమందు కొడుతుంటే గాలి తిరిగింది. మందు తన రొయ్యల గుంటలో పడి రొయ్య చచ్చిపోయిందని పక్క గుంట ఆయన గొడవ చేస్తున్నాడు. మూడు లక్షలు పోయింది అంటాడు. పెద్దమనుషులు లక్ష ఇచ్చి తెగ్గొట్టుకోమంటున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే, మందు పడితే మా పాలసీలో రాదన్నారు. ఆ రోజు నాకు ఒంట్లో బాగలేక మా మరిది ఎగరేశాడు. ఇలాంటప్పుడు మళ్లీ ప్రీమియం కట్టడం దండగ అంటున్నాడు మా ఆయన. కట్టాలా, వద్దా? ఇంకో మాట, మా తమ్ముడు ఒంగోలులో పెళ్లిళ్లకి కెమెరా డ్రోన్ ఎగరేస్తాడు. వాడికి కూడా ఇన్సూరెన్స్ తప్పనిసరా?
ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, కట్టాలి. మీ ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ కట్టడం మానేస్తే ఇప్పుడున్న గొడవ తీరదు సరికదా, ఇంకోటి తోడవుతుంది.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్‌లో 44వ రూలు ఇన్సూరెన్స్ గురించి. డ్రోన్ల కోసం కొత్తగా పెద్ద చట్టమేమీ రాయలేదు అందులో. లారీకి, ఆటోకి, మోటార్ సైకిల్‌కి వర్తించే 1988 మోటారు వాహనాల చట్టంలోని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నిబంధనలే, అవసరమైన మార్పులతో, డ్రోన్‌కీ వర్తిస్తాయని ఒక్క ముక్కలో తేల్చేశారు. ప్రాణానికో ఆస్తికో నష్టం జరిగితే పరిహారం కూడా ఆ పద్ధతిలోనే. 250 గ్రాములకు మించని నానో డ్రోన్లకి మాత్రం మినహాయింపు. మీది పది లీటర్ల ట్యాంకు డ్రోన్ అయి ఉంటుంది, మందుతో బ్యాటరీలతో కలిపితే పాతిక కిలోల దగ్గరికి వస్తుంది. ఇన్సూరెన్స్ లేకుండా అది చేలో లేచిందంటే ఇన్సూరెన్స్ లేని ట్రాక్టర్ హైవే ఎక్కినట్టే.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. నమో డ్రోన్ దీదీ పథకం కింద సంఘాలకి ఇచ్చే ప్యాకేజీలో ఒక సంవత్సరం సమగ్ర ఇన్సూరెన్స్, రెండు సంవత్సరాల మెయింటెనెన్స్ ఒప్పందం ఉంటాయి. రెండేళ్లు అన్న మాట గుర్తుండిపోయి ఇన్సూరెన్స్ కూడా రెండేళ్లే అనుకుంటారు. మెయింటెనెన్స్ వాళ్లు మోటారు చూస్తారు, నాజిల్ మారుస్తారు. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లు రారు. మీరు తేదీ చూసుకున్నారు, అది మంచి పని.

ఇప్పుడు అసలు విషయం. మీ పాలసీ మీద 'సమగ్ర' అని ఉన్నంత మాత్రాన అన్నీ వస్తాయని కాదు. డ్రోన్‌కి జరిగే నష్టం, డ్రోన్ వల్ల బయటివాళ్లకి జరిగే నష్టం, రెండూ ఒకే పాలసీలో ఉన్నాయని దాని అర్థం. మందు కొట్టే డ్రోన్ వల్ల నష్టం మూడు రకాలుగా వస్తుంది. డ్రోన్ ఎవరి మీదో పడటం ఒకటి. మందు వేరేవాళ్ల చేలోనో గుంటలోనో పడటం ఇంకొకటి. మూడోది, ఏ రైతు పిలిచాడో ఆయన పైరే మాడిపోవడం. పాలసీ రాసేవాళ్ల మనసులో ఉండేది మొదటిదే. రెండోది అడిగితే వస్తుంది, ఒక్కోసారి అడిగినా రాదు. మూడోది దాదాపుగా ఎవరూ ఇవ్వరు. మందు ఎక్కువ పోశారనో, రెండు మందులు కలపకూడనివి కలిపారనో పైరు మాడితే అది మీ పనిలో లోపం కింద లెక్క, యాక్సిడెంట్ కింద కాదు. అందుకే రైతు ఏ మందు ఇచ్చాడు, ఎంత పోశారు అన్నది పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోండి. డబ్బా లేబుల్ ఫొటో కూడా తియ్యండి.

రెండో రకం ఎందుకు రాదో చెబుతాను. డ్రోన్ పాలసీల భాష చాలావరకు విమానాల పాలసీల నుంచి వచ్చింది. విమానాల పాలసీల్లో ఏవీఎన్ 46బీ అనే క్లాజు ఒకటి ఉంటుంది. శబ్దం వల్ల, కాలుష్యం వల్ల, ఏదైనా పదార్థం కలిసి పాడవడం వల్ల జరిగే నష్టం మేము ఇవ్వం అని దాని సారం. అందులోనే ఒక మినహాయింపు ఉంది. విమానం కూలినా, తగలబడినా, పేలినా, దేన్నైనా ఢీకొట్టినా, గాల్లో ఎమర్జెన్సీ వచ్చినా, దానివల్ల ఆ కాలుష్యం జరిగితే మాత్రం ఇస్తారు. ఈ క్లాజుని మీ ఊరి గట్టు మీదకి తెచ్చి చూడండి. మీ డ్రోన్ ట్యాంకుతో సహా గుంటలో కూలి మందంతా నీళ్లలో కలిసి ఉంటే క్లెయిమ్‌కి ఒక దారి ఉండేది. డ్రోన్ బంగారంలా ఎగిరి, బంగారంలా దిగి, మధ్యలో తుంపర మాత్రం గాలికి కొట్టుకుపోయింది కాబట్టి దారి మూసుకుపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియదు కానీ కాగితం మీద ఉండేది ఇదే. మీ ఆయన కోపంలో న్యాయం ఉందన్నది ఇందుకే. మందు కొట్టడానికే పుట్టిన యంత్రానికి, మందు తప్ప మిగతా అన్నిటికీ ఇన్సూరెన్స్ ఇచ్చి పంపించారు.

అయితే మీ పాలసీలో ఈ క్లాజు ఉందో లేదో మీరే చూడాలి, నేను చూడలేదు కదా. మీకు వచ్చిన ఒకటి రెండు పేజీల కాగితం సర్టిఫికెట్ మాత్రమే. దానితో పాటు మెయిల్‌కి ఇరవై ముప్పై పేజీల పూర్తి పాలసీ వచ్చి ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది, సంఘంలో ఎవరి పిల్లలైనా చదువుకుంటుంటే కూర్చోబెట్టి చదివించండి. మినహాయింపుల పేజీలో పొల్యూషన్, కంటామినేషన్, కెమికల్ డ్రిఫ్ట్, స్ప్రే అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకమనండి. ఆ మాటలు అసలు లేకపోతే మీ కేసు బలంగా ఉన్నట్టే.

ఈ సమస్య మన కోస్తాకి ప్రత్యేకం. ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు, ఏ మండలం తీసుకోండి, గట్టుకి ఇటు వరి, అటు వనామీ రొయ్య. మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రపు గాలి అందుకుంటుంది. రొయ్య, పురుగు దూరపు చుట్టాలు. పురుగు నరాల మీద పనిచేసే మందు రొయ్యని వదలదు. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్, క్లోర్‌పైరిఫాస్, ఫిప్రోనిల్, ఇవన్నీ రొయ్యకి చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. దానికి తోడు డ్రోన్‌ది ఇంకో సంగతి. చేతి పంపుతో అయితే ఎకరం మందుని 150, 200 లీటర్ల నీళ్లలో కలుపుతారు. డ్రోన్‌లో అదే మందు పది లీటర్లలో. అంటే గాలికి కొట్టుకుపోయిన ఒక్కో చుక్క పదిహేను ఇరవై రెట్లు చిక్కన. పాత పద్ధతిలో గట్టు దాటిన తుంపరకి ఏమీ కాని గుంట, దీనికి తట్టుకోలేకపోవచ్చు. ప్రకాశం జిల్లా వైపు మిర్చి, పొగాకు కూడా ఉన్నాయి. అక్కడ కలుపు మందు తుంపర పక్క చేలో పడి ఆకు ముడుచుకుపోయిన తగాదాలు వస్తుంటాయి.

ఇక మీరు ఒంట్లో బాగలేక అంటూ మామూలుగా రాసేసిన వాక్యం దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే. మీ సైజు డ్రోన్‌ని సర్టిఫికెట్ ఉన్న పైలట్ తప్ప ఇంకెవరూ ఎగరెయ్యకూడదు. ఆ సర్టిఫికెట్‌కి 18 ఏళ్లు నిండాలి, పది పాసవ్వాలి, గుర్తింపు ఉన్న చోట ట్రైనింగ్ తీసుకోవాలి, ఇచ్చాక పదేళ్లు పనికొస్తుంది. మీ మరిదికి చెయ్యి బాగా తిరిగి ఉండొచ్చు, మీకంటే బాగానే ఎగరేస్తాడేమో కూడా. ఇన్సూరెన్స్‌కి చెయ్యి అక్కర్లేదు, కాగితం కావాలి.

లారీల్లో లైసెన్స్ లేని డ్రైవర్ గుద్దితే ఏమవుతుందో కోర్టులు ఎప్పుడో తేల్చాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, లైసెన్స్ తగాదా పెట్టి బాధితుణ్ణి వట్టి చేతులతో పంపకూడదని చెప్పింది. కంపెనీ తన షరతు తప్పారని రుజువు చేసుకుంటే, బాధితుడికి ఇచ్చిన డబ్బు తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. డ్రోన్‌కి కూడా మోటారు చట్టం పద్ధతే అన్నారు కాబట్టి, రేపు ఎవరికైనా దెబ్బ తగిలి డ్రోన్ మీ మరిది చేతిలో ఉంటే, కంపెనీ ముందు ఇచ్చినా ఆ బిల్లు తిరిగి తిరిగి మీ సంఘం గుమ్మానికే వస్తుంది. డ్రోన్ విరిగిన నష్టం అయితే పైసా ఇవ్వరు.

'నేనే ఎగరేశానని రాసెయ్యమ్మా, ఎవరికి తెలుస్తుంది' అని మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ పని మాత్రం చెయ్యొద్దు. ఎవరి లాగిన్‌తో, ఏ సమయానికి, ఎంత ఎత్తులో ఎగిరిందో అంతా లాగ్‌లో, అంటే డ్రోన్ తనంతట తాను రాసుకునే రికార్డులో ఉంటుంది. ఆ రోజు మీరు ఆస్పత్రిలో కట్టిన రసీదు ఒకటి బయటపడితే చాలు. అబద్ధం ఒక్కటి తేలితే నిజమైన క్లెయిమ్ కూడా దానితో పాటే పోతుంది. మీ మరిదికి ట్రైనింగ్ ఇప్పించండి. అంతవరకూ బ్యాటరీలు మార్చడం, మందు కలపడం, గట్టు మీద నిలబడి మనుషుల్ని దూరం పెట్టడం చేయించండి. రిమోట్ మాత్రం ఇవ్వకండి.

ఇప్పుడు గుంట గొడవ. ఫోన్‌లో 'రాదు' అన్నది తిరస్కరణ కాదు, ఒక ఉద్యోగి అభిప్రాయం. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు ఎగరేశారు, ఉన్నదున్నట్టు రాసి మెయిల్ పెట్టండి, క్లెయిమ్ నంబర్ అడగండి. రాదంటే ఏ క్లాజు ప్రకారం రాదో కాగితం మీద ఇవ్వమనండి. అది చేతికి వచ్చాక, అన్యాయం అనిపిస్తే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాకి వెళ్లొచ్చు. దాని నంబర్ 155255. నా అంచనా అడిగితే, మీ మరిది విషయం, మందు క్లాజు, రెండూ కలిపి చూస్తే డబ్బు రావడం కష్టం. అయినా ఆ కాగితం కావాలి. అది రాకముందే మీరు లక్ష ఇచ్చేస్తే, 'మా అనుమతి లేకుండా తప్పు ఒప్పుకున్నారు' అని ఉన్న కొద్ది ఆశని కూడా కంపెనీ తీసేస్తుంది. ఈ షరతు దాదాపు ప్రతి థర్డ్ పార్టీ పాలసీలోనూ ఉంటుంది.

గుంట ఆయన దగ్గరికి వెళ్లొద్దని కాదు. వెళ్లండి, నష్టపోయిన మనిషి, పక్క గుంట మనిషి, పలకరించండి. సంతకం మాత్రం పెట్టకండి.

మాట్లాడేటప్పుడు నేను ఇన్సూరెన్స్ నష్టం అంచనా వేసే సర్వేయర్‌గా ఉన్న రోజుల్లో అడిగిన ప్రశ్నలే మీరూ అడగండి. రొయ్య తేలింది ఎప్పుడు? మందు కొట్టిన కొన్ని గంటల్లోనా, నాలుగు రోజుల తర్వాతా? తెల్లవారుజామున అయితే ఆక్సిజన్ తగ్గి కూడా చస్తాయి, ఆ రాత్రి కరెంటు పోయిందా, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగాయా? రొయ్య మీద తెల్లమచ్చల రోగం గుర్తులు ఉన్నాయా? మీ చేనుకి ఆనుకుని ఉన్న మూలలోనే ఎక్కువ చచ్చాయా, గుంటంతానా? గాలికి ఎదురుగా అవతల ఉన్న గుంటల్లో కూడా చచ్చి ఉంటే అది మీ మందు కాదు. చచ్చిన రొయ్యని ఐసులో పెట్టి, నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపారా? నెల దాటింది కాబట్టి ఇప్పుడు నీళ్లు పడితే తేలేదేమీ లేదు. అప్పుడు పంపి ఉంటే రిపోర్ట్ అడగండి.

తర్వాత మూడు లక్షలు అన్న లెక్క. అది ఎక్కడి నుంచి వచ్చింది? గుంట రైతు మనసులో ఎప్పుడూ పట్టుబడి రోజు, అంటే రొయ్య పట్టి అమ్మే రోజు ఉంటుంది, 30 కౌంట్ రొయ్య, ఆ రోజు రేటు. చచ్చిన రోజు అది 100 కౌంట్‌లో ఉంటే, అంటే కిలోకి వంద తూగే పిల్ల రొయ్య అయితే, నష్టం కట్టాల్సింది ఆ రోజు విలువతో. అక్కడి నుంచి పట్టుబడి దాకా వెయ్యాల్సిన మేత, కరెంటు, మందులు ఆయనకి మిగిలాయి కదా, అవీ తగ్గించాలి. మిగిలిన రొయ్యని అమ్ముకుంటే ఆ బిల్లు తగ్గించాలి. మేత పుస్తకం, రొయ్య మేత ఎంత తింటోందో చూసే చెక్ ట్రే లెక్కలు, సీడ్ కొన్న బిల్లు చూపించమనండి. నిజంగా నష్టపోయినవాడు చూపిస్తాడు. పెద్దమనుషులు లక్ష అన్నారంటే ఏ లెక్కా వెయ్యకుండా మూడుని మూడు ముక్కలు చేశారని నా అనుమానం.

కొట్టిన మందు నేను పైన చెప్పిన రకం అయి, గుంట గట్టు పక్కనే ఉండి, చావు కొన్ని గంటల్లోనే మొదలైతే మాత్రం, పంతానికి పోకుండా లెక్కకి దగ్గరగా తెగ్గొట్టుకోవడమే నయం. కంపెనీ కాగితం వచ్చాకే ఇవ్వండి. 'దీనితో ఈ విషయం పూర్తిగా ముగిసింది, ఇక ఏ క్లెయిమూ లేదు' అని రసీదు రాయించుకోండి. సంఘం డబ్బు కాబట్టి ముందు మీటింగ్ పెట్టి మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించాలి. ఆ పని చెయ్యకపోతే గుంట గొడవ తీరి సంఘం గొడవ మొదలవుతుంది.

రెన్యువల్ విషయానికి వస్తే, ఏజెంటు 'అన్నీ కవర్ అవుతాయమ్మా' అంటాడు. ఆ మాటే వాట్సాప్‌లో రాసి పంపమనండి, ముఖ్యంగా 'మందు తుంపర గాలికి పోయి పక్కవాళ్ల పంటకో, రొయ్యల గుంటకో నష్టం జరిగితే ఎంతవరకు ఇస్తారు' అన్న ఒక్క ప్రశ్నకి. దాన్ని అదనపు కవర్‌గా ఇచ్చే కంపెనీ దొరికితే దానికి కొంత ఎక్కువ కట్టండి. ఇచ్చినా దానికి విడిగా చిన్న పరిమితి పెడతారు, పాలసీ మీద పది లక్షలు అని ఉండి తుంపరకి మాత్రం లక్ష అని ఉండొచ్చు. ఆ అంకె చూడండి. నలుగురిని అడిగి, నలుగురూ ఇవ్వం అంటే, ఆ రిస్కు మీదేనని తెలుసుకుని గుంటల పక్క చేలకి రేటు పెంచండి, లేదా ఆ చేలు వదిలెయ్యండి. ఎకరానికి 400 కోసం మూడు లక్షల గుంట పక్కన మధ్యాహ్నం మూడు గంటలకి ఎగరెయ్యడం నాకైతే లాభసాటి బేరంలా కనిపించదు. ఆ పథకం కిట్‌లో గాలి వేగం కొలిచే చిన్న యంత్రం ఇస్తారు. దాన్ని పెట్టెలోంచి తీసినవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఎగరేసే ముందు దాని రీడింగ్‌ని టైమ్ కనబడేలా ఫొటో తీసుకోండి. తగాదా వచ్చిన రోజు ఆ ఫొటో మీ తరఫున మాట్లాడుతుంది.

పాలసీలో పేరు, డ్రోన్ యూఐఎన్ (ప్రభుత్వ రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే నంబర్) మీద ఉన్న పేరు, బిల్లు మీద పేరు ఒకటే ఉండాలి. సంఘం పేరు ఒకచోట, మీ పేరు ఒకచోట ఉంటే చెక్కు ఎవరికి రాయాలో తెలియక ఆగిపోతుంది. పథకం సబ్సిడీ పోగా మిగిలిన 20 శాతానికి బ్యాంకు లోను తీసుకుని ఉంటే బ్యాంకు పేరు కూడా ఉంటుంది, డ్రోన్ మొత్తం పోతే డబ్బు ముందు బ్యాంకుకి వెళుతుంది. రిపేరులో ఫ్లైట్ కంట్రోలర్, అంటే డ్రోన్‌ని నడిపించే లోపలి బోర్డు మార్చి ఉంటే దాని నంబర్ ప్రభుత్వ రిజిస్ట్రేషన్‌లో మార్పించండి, పాలసీలోనూ మార్పించండి. మోటారు మారిస్తే ఫరవాలేదు, కంట్రోలర్ మారితే కాగితాల లెక్కన అది వేరే డ్రోన్. పైలట్‌గా ఎవరెవరి పేర్లున్నాయో కూడా చూసుకోండి.

డ్రోన్ విలువ దగ్గర ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి డ్రోన్ల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. పాత బిల్లు మీది పెద్ద విలువకి ప్రీమియం కట్టినా, ఇచ్చేటప్పుడు ఇప్పటి ధర, అందులోంచి తరుగుదల చూస్తారు. అలాగని ప్రీమియం మిగులుతుందని సగం విలువకి రాయించుకుంటే క్లెయిమ్ కూడా సగమే అవుతుంది. బ్యాటరీలు ఉబ్బినా, అరిగినా రావు. ట్రాలీ ఆటోలో తీసుకెళుతుంటే దొర్లి పడితే వస్తుందా, ఇంట్లో చార్జింగ్ పెట్టినప్పుడు తగలబడితే వస్తుందా అని విడిగా అడగండి. కొన్ని పాలసీలు గాల్లో ఉన్నంతసేపే డ్రోన్‌ని చూసుకుంటాయి.

డ్రోన్ పడిపోతే ఏం చెయ్యకూడదో ఒకటి చెబుతాను. కోవూరు వైపు ఒక ఊళ్లో తెలిసినవాళ్లు పిలిస్తే వెళ్లాను, అప్పటికే నేను సర్వే పని మానేశాను. అరుగు మీద గోనెసంచి పరిచి డ్రోన్ పెట్టారు. తళతళలాడుతోంది. సర్వేయర్ వస్తున్నాడు కదా, బురదతో ఏం బాగుంటుందని ఇంటావిడ మోటారు నీళ్లతో శుభ్రంగా కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచింది కూడా. విరిగిన రెక్క ముక్కలు పిల్లలు ఆడుకోవడానికి పట్టుకుపోయారు. ఒక చేతి మీద మాత్రం నల్లటి గీత ఒకటి మిగిలింది, గోరంత. చేలోకి వెళ్లి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ పక్క స్తంభానికి కట్టిన స్టే వైరు మీద అంగుళం మేర తుప్పు రాలి మెరుస్తోంది. దాన్ని ఎవరూ ఫొటో తియ్యలేదు. కడిగిన నీళ్లు లోపలికి పోయి లాగ్ తెరుచుకోలేదు. కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి, 'ఇది పడి పాడైందా, కడిగి పాడైందా?' అని అడిగాడు. ఆవిడ దగ్గర జవాబు లేదు. సగం కూడా రాలేదు వాళ్లకి. కాబట్టి పడింది పడినట్టే ఉంచి, చుట్టూ తిరిగి ఫొటోలు, వీడియో తియ్యండి. తీగ, చెట్టు, స్తంభం ఏది తగిలితే అది కూడా. రిమోట్‌లో లాగ్ భద్రపరచండి. అదే రోజు కంపెనీకి చెప్పండి. పైలట్ 48 గంటల్లోపు ప్రభుత్వ డ్రోన్ పోర్టల్‌లో ప్రమాదం రిపోర్ట్ చెయ్యాలన్నది కూడా రూలే. మనిషికి దెబ్బ తగిలితే స్టేషన్‌లో రాయించడం తప్పదు.

ఇంట్లోవాళ్లు, సంఘం సభ్యులు, మీ మరిది, వీళ్లు చాలా పాలసీల్లో థర్డ్ పార్టీ కింద రారు. రెక్క తగిలి మీ మరిది వేలు తెగితే ఆ పాలసీ పలకకపోవచ్చు. పైలట్‌కి, సహాయకుడికి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కలపమని అడగండి. అది కాక బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందా చూసుకోండి, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, పాక్షిక వైకల్యానికి లక్ష. చాలా సంఘాల్లో సభ్యులకి ఉంటుంది, సహాయానికి వచ్చే మగవాళ్లకి ఉండదు.

మీ తమ్ముడి సంగతి. డ్రోన్ 250 గ్రాములు దాటకపోతే థర్డ్ పార్టీ తప్పనిసరి కాదు. దాటితే తప్పనిసరి, పైగా డబ్బుకి చేసే పని కాబట్టి పైలట్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఈ పెళ్లిళ్ల డ్రోన్లతో చిక్కు ఇన్సూరెన్స్ కంటే ముందే మొదలవుతుంది. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. ఎవరి ద్వారానో తెప్పించుకున్న డ్రోన్‌కి రిజిస్ట్రేషన్ ఉండదు, అది లేని డ్రోన్‌కి పాలసీ అమ్మినా క్లెయిమ్ ఇవ్వరు. ముందు వాడి దగ్గర యూఐఎన్ ఉందో లేదో అడగండి. రాష్ట్ర ప్రభుత్వం, పోలీసులు ఏ ప్రాంతాన్నైనా 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్, అంటే అనుమతి లేకుండా డ్రోన్ ఎగరెయ్యకూడని చోటు, చెయ్యొచ్చు కాబట్టి, మండపం పక్కన పెద్ద మీటింగ్ ఏదైనా ఉన్న రోజు ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ చూడకుండా ఎగరెయ్యొద్దని కూడా చెప్పండి.

మీకు ఇంకా నెల టైముంది, అది తక్కువేమీ కాదు. ఈ వారంలోనే ముగ్గురు నలుగురికి మెయిల్ పెట్టి తుంపర కవర్ గురించి అడగండి, జవాబులు రావడానికే పది రోజులు పడుతుంది. రెన్యువల్ ఫారంలో 'గత ఏడాదిలో ఏమైనా సంఘటన జరిగిందా' అని ఒక గడి ఉంటుంది. అక్కడ రొయ్యల గుంట సంగతి రాయండి, ప్రీమియం కొంచెం పెరిగినా సరే. పాలసీ అయిపోయే రోజు అర్ధరాత్రి తర్వాత కొత్తది చేతికి వచ్చేదాకా, ఎంత తొందరపెట్టినా, ఎవరి చేనైనా సరే, డ్రోన్ లేపకండి.